మేనా కాలం నుంచి రైలు కాలానికి: మొదటి సాలార్‌జంగ్ జీవితం

ఏటేటా మన సావనీరులో ఒక పెద్దమనిషి జీవితం రాయడం రివాజు గదా. ఈసారి మొదటి సాలార్‌జంగ్ గురించి రాస్తున్నాము. దానికి కారణం ఉన్నది. ఈ మధ్య మస్జిదు అరుగు మీదగానీ, పెండ్లి పందిట్లోగానీ నలుగురు కూడితే ఒకటే చర్చ. ఆడపిల్ల చేతికి ఫోను ఇయ్యొచ్చునా, గల్ఫులో ఉన్న పిల్లవాడికి వీడియోలో నిఖా చేయొచ్చునా, దావత్‌కు ఇంటింటికీ పోయి పిలవక ఫోనులో కార్డు పంపితే అది పిలుపేనా అని. దాదాలది ఒక మాట, పోతలది ఇంకొక మాట. ఈ చర్చ మన కాలంలో పుట్టింది కాదు. నూట యాభై ఏండ్ల కింద రైలూ తంతీ వచ్చినప్పుడు నిజాం రాజ్యంలో ఇదే చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. ఆ చిక్కులో ముప్ఫయి ఏండ్లు నిలబడ్డ మనిషి మీర్ తురాబ్ అలీ ఖాన్. ఆయన బిరుదే సాలార్‌జంగ్. ఇప్పుడు మ్యూజియం పేరుతో అందరి నోటా ఉన్నది మనుమని సంగ్రహం, తాత సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఆయన 1829 జనవరిలో పుట్టినాడు. వంశం వాళ్ళు మదీనా నుంచి బీజాపూరుకు, అక్కడినుంచి హైదరాబాదుకు వచ్చినవాళ్ళు. మీర్ ఆలం చెరువు పేరు వినని వారుండరు, ఆ మీర్ ఆలం వీరి పెద్దలలోని వాడే. చిన్నప్పుడే తండ్రి పోయినాడు. మదరసాకు పోయి చదివింది లేదు, ఇంటికే ఉస్తాదులు వచ్చి పార్శీ, అరబ్బీ చెప్పినారు. ఇంగ్లీషు తరువాత నేర్చుకున్నాడు. పినతండ్రి సిరాజుల్ముల్క్ దివానుగా ఉండేవాడు. 1853 మే నెలలో బీరారు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయే ఒడంబడిక అయింది, అయిన కొద్దిరోజులకే పినతండ్రి కన్ను మూసినాడు. ఇరవైనాలుగేండ్ల పిల్లవాడి నెత్తిన దివానుగిరీ పడింది.

అప్పటి ఖజానా సంగతి చెప్పనే అక్కరలేదు. శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు ఎంత కడతానన్నాడో అంత సర్కారుకు, మిగిలింది ఆయన ఇంటికి. రైతు దగ్గర ఎంత పిండినాడో అడిగే నాథుడు లేడు. అరబ్బు సిపాయీలు, రోహిల్లాలు జీతం బాకీలకింద ఊర్లు పట్టుకొని కూర్చున్నారు, సాహుకార్లది ఇంకో బాధ. సాలార్‌జంగ్ ఈ గుత్తలు ఒక్కొక్కటే తీసేసి జీతం మీద నౌకర్లను పెట్టినాడు. 1865లో జిలాబందీ చేసినాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్‌దారు, వేరుగా పోలీసు, వేరుగా అదాలతు. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండిన మన పోచంపల్లిలో ఇప్పటికీ పాత పహాణీ, సర్వే నంబరు మాటలు నడుస్తున్నాయంటే ఆ దఫ్తరు పద్ధతి పునాది అప్పటిదే.

ఇక్కడ ఆయన తెలివి ఒకటి చూడాలి. కొత్త కచేరీలు పెట్టినాడుగానీ పాత దఫ్తర్లను మూయలేదు. తరతరాలుగా లెక్కలు రాసే ఖాందాన్ల వాళ్ళను వాళ్ళ గద్దెమీదనే ఉండనిచ్చినాడు, జాగీరుదార్ల మర్యాదలు తగ్గించలేదు. పని మాత్రం మెల్లమెల్లగా కొత్త కచేరీకి మళ్ళింది. ఉత్తరాదినుంచి ఇంగ్లీషు పద్ధతి తెలిసిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, ముష్తాఖ్ హుసేన్, చిరాగ్ అలీ వంటివాళ్ళను 1870లలో పిలిపించుకున్నాడు. వాళ్ళకు పని ఇచ్చినాడు, జీతం ఇచ్చినాడు, కాని దర్బారులో పాత ఉమరాల సరసన చొరబడనీయలేదు. పెద్ద ఉమరా ఎవరైనా సరే, దివానుకు తెలియకుండా రెసిడెంటును కలవరాదన్నది ఖాయిదా. యంత్రం రావాలి, అదబ్ చెడరాదు, ఇదీ ఆయన లెక్క.

ఇష్టం లేనివాళ్ళూ ఉన్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీదికి పోయినప్పుడు సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచినాడు. మౌల్వీ సాహెబును అండమానుకు పంపినారు, తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపినారు. ఈ ఒక్క సంగతికి దివానును క్షమించని ముసల్మానులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ బాధ ఉత్తది కాదు. 1859లో దర్బారునుంచి బయటికి వస్తుంటే ఒకడు తుపాకీ పేల్చినాడు, 1868లో మళ్ళీ ఒకసారి కాల్పులు జరిగినాయి. రెండుసార్లూ అల్లా దయవల్ల బతికినాడు. దోస్తీకి ప్రతిఫలంగా 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగివచ్చినాయి, యాభై లక్షల అప్పు రద్దయింది. బీరారు మాత్రం రాలేదు.

ఇక రైలు సంగతి. వాడీ నుంచి సికింద్రాబాదు దాకా లైను వేయాలని ఇంగ్లీషువాళ్ళు పట్టుబట్టినారు. సికింద్రాబాదులో వాళ్ళ ఫౌజు ఉన్నది, దానికి దారి కావాలి. పైసలు మాత్రం నిజాం రాజ్యానివి. దివానుకు అంత ఉత్సాహం లేకపోయినా 1870లో ఒప్పుకున్నాడు, 1874లో బండి నడిచింది. ఆ బండి వచ్చిననాడే ఆయన కట్టుకున్న అదబు గోడకు ఒక పగులు వచ్చిందని నా అభిప్రాయం.

ఎట్లాగంటే చెప్తాను. 1875లో విలాయతు యువరాజు బొంబాయిలో దిగినాడు. తొమ్మిదేండ్ల మహబూబ్ అలీ ఖాన్‌ను బొంబాయికి తీసుకొచ్చి స్వాగతం చెప్పించాలని రెసిడెంటు ఒత్తిడి పెట్టినాడు. అంతకుముందయితే దూరమే ఒక జవాబు. వారాల తరబడి ఎడ్లబండ్లూ ఏనుగులూ పల్లకీలతో ప్రయాణమంటే ఎవరైనా ఆగుతారు. ఇప్పుడు ఇంటిముందు రైలు నిలబడి ఉన్నది, దూరం అన్న సాకు పోయింది. పిల్లవాని ఆరోగ్యం బాగలేదని చెప్పి సాలార్‌జంగ్ తానొక్కడే పోయినాడు. ఆ గెలుపు ఎంతో కాలం నిలవలేదు. 1877 జనవరిలో ఢిల్లీ దర్బారుకు పిల్ల నవాబును వెంటబెట్టుకొని పోక తప్పలేదు. నిజాములు తమ గడప దాటిపోయి ఎవరిముందూ నిలబడరన్న రివాజు అక్కడితో ముగిసింది. రైలు ఏ హుకుమూ జారీ చేయలేదు, వట్టి దారి వేసింది. అంతే.

ఇండ్లల్లోనూ అదే జరిగింది. అంతవరకు పరదా ఆడవాళ్ళు మేనాలో పోయేవాళ్ళు, బోయీలు మోసేవాళ్ళు. మేనా ఇంటి గడపలో ఎక్కి ఇంకో ఇంటి గడపలో దిగేది. రైలు మన గడపకు రాదు, మనమే దాని గడపకు పోవాలి. ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు వేయాలి. రైళ్ళల్లో జనానా డబ్బాలు పెట్టినారు, డబ్బా దాకా చాదర్లు అడ్డం పట్టుకొని నడిపించేవారు. పరదా పోలేదు, పరదా పట్టే తీరు మారింది. మూడో తరగతిలో టిక్కెట్టు కొన్నవాని పక్కన టిక్కెట్టు కొన్నవాడు కూర్చుంటాడు, కులమేది ఖాందానేది అని బెంచీ అడగదు. హజ్‌కు పోయేవాళ్ళకు బొంబాయి దగ్గరయింది, అక్కడ పొగ ఓడ ఎక్కితే జిద్దా. ఒకరిద్దరు ఖుష్‌నసీబులు మాత్రమే పోగలిగిన చోటికి మామూలు సంసారులు కూడా ఆశపడటం మొదలుపెట్టినారు. ఎండ పొద్దు చూసి లేచే మనుషులు గంట చూసి లేవడం కూడా అప్పుడే నేర్చుకున్నారు, బండి ఎవరికోసమూ ఆగదు గదా.

మన ఊరి మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే ఆడవాళ్ళ భుజాలు అరిగే పని. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం చేసినాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం భుజం నొప్పి తీసింది. దాంతోబాటు ఈ పని ఆడదానిదే అన్న ఖాయిదాను కూడా సడలించింది. అదే సమయాన ఇంకో యంత్రం మన డిజైనును బట్టమీద అచ్చు గుద్ది తక్కువ ధరకు అమ్ముతున్నది. మంచిదా చెడ్డదా అని యంత్రాన్ని అడిగితే ఏం చెప్తుంది?

సాలార్‌జంగ్ చదువు విషయంలోనూ రెండు పడవల మీద కాలు పెట్టినాడు. 1850లలో దారుల్ ఉలూం పెట్టించినాడు. అందులో అరబ్బీ, పార్శీలతో బాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీలకు చోటు దొరికింది. 1873లో తన కొడుకులకోసం, ఉమరాల పిల్లలకోసం ఇంగ్లీషు పద్ధతిలో మదరసా ఆలియా మొదలుపెట్టినాడు. పిల్ల నవాబుకు ఇంగ్లీషు ఉస్తాదును ఒప్పుకున్నాడు. కాని దఫ్తరు భాష మాత్రం పార్శీయే ఉండాలన్నది ఆయన పట్టు. రైతు మాట్లాడేది తెలుగు, బజారులో ఉర్దూ, కాగితం మీద పార్శీ. ఈ లెక్క ఎన్నాళ్ళు నడుస్తుందని ఆయన అనుకున్నాడో!

1876లో ఐరోపాకు పోయినాడు. పారిస్‌లో హోటలు మెట్లమీద జారిపడి తొడ ఎముక విరిగింది. అయినా లండన్ పోయినాడు, ఆక్స్‌ఫర్డు వాళ్ళు డాక్టరు పట్టా ఇచ్చినారు. బీరారు గురించి ఎంత మొత్తుకున్నా సన్మానాలే దొరికినాయిగాని భూమి దొరకలేదు. ఆయన తిరిగివచ్చేసరికి దక్కనులో పెద్ద కరువు మొదలయింది.

1883 ఫిబ్రవరి 8న కలరా తగిలి పోయినాడు. వయసు యాభైనాలుగు. దాయెరా మీర్ మోమిన్‌లో ఖబరు ఉన్నది. ఆయన పోయిన మరుసటి సంవత్సరమే, 1884లో, మదరసా ఆలియా నీడలో పెరిగిన కొడుకు లాయఖ్ అలీ ఖాన్ దివానయ్యాడు. ఆయన హయాములోనే పార్శీ పోయి ఉర్దూ దఫ్తరు భాష అయింది. తండ్రి గడప బయట నిలబెట్టిన ఉత్తరాదివాళ్ళు పెద్ద కుర్చీలెక్కినారు. తండ్రి చదివించిన చదువే తండ్రి కట్టిన గోడను తీసివేసింది. మరి దానిలోనూ రైతుకు దక్కింది తక్కువే. అర్జీ పార్శీలో ఉన్నా ఉర్దూలో ఉన్నా మన పల్లె రైతు ఇంకొకనితో రాయించుకోవలసిందే.

రైలు లైను మాత్రం ఆగలేదు. 1883లో చాందా రైల్వే ఒప్పందం మీద హైదరాబాదు జనం గొంతెత్తితే, ముందు నిలిచిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయను రాజ్యం దాటించినారు. ప్రజలు సర్కారును లెక్క అడగడం కూడా రైలువెంటనే వచ్చిందన్నమాట. 1889కి లైను బెజవాడ చేరింది. మనం ఎక్కిదిగే బీబీనగర్, భువనగిరి స్టేషన్లు ఆ దారిలోవే. ఆ సంవత్సరమే లాయఖ్ అలీ ఖాన్ చిన్న వయసులో పోయినాడు, పసిపిల్లవాడు యూసుఫ్ అలీ ఖాన్ మిగిలినాడు. ఆ పిల్లవాడే మూడవ సాలార్‌జంగ్. 1949లో ఆయన పోయిన తరువాత 1951లో దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచినారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చినారు. మన పిల్లలను తీసుకొని పోతే ముందు చూడమనేది అక్కడి గడియారాన్నే. గంట గంటకూ లోపలినుంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండు కొట్టే సమయానికి దాని ముందర దాదాలూ పోతలూ అందరూ ఒకే బెంచీల మీద కూర్చొని చూస్తుంటారు.