కంచెర్ల గోపన్న

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దానికి చెందిన తెలుగు వాగ్గేయకారుడు, భక్తకవి. భక్త రామదాసుగా, భద్రాచల రామదాసుగా సుప్రసిద్ధుడు. గోల్కొండ నవాబుల పాలనలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేస్తూ, గోదావరి తీరంలోని భద్రాచలంలో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయాన్ని నిర్మించాడు. ఆలయ నిర్మాణానికి ప్రభుత్వ ధనాన్ని వినియోగించినందుకు గోల్కొండ కోటలో కారాగారవాసం అనుభవించాడు. దాశరథీ శతకంతో పాటు వందకు పైగా కీర్తనలు రచించాడు. ఇవి భజన సంప్రదాయంలోనే కాక, కర్ణాటక సంగీతం అభ్యసించే విద్యార్థుల పాఠాలలోనూ స్థానం పొందాయి.

జననం, బాల్యం

గోపన్న ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి గ్రామంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి లింగన్న మూర్తి, తల్లి కామాంబ. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో ఉన్నత పదవులలో ఉన్న అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. శ్రీవైష్ణవ గురువైన రఘునాథ భట్టాచార్యుల వద్ద గోపన్న ఉపదేశం పొందినట్లు సంప్రదాయం చెబుతుంది. భార్య కమలమ్మ.

కబీరుదాసు గోపన్నకు రామతారక మంత్రాన్ని ఉపదేశించాడనే కథ తెలుగునాట బహుళ ప్రచారంలో ఉంది. అయితే ప్రసిద్ధ హిందీ సంత్ కవి కబీరు 15వ శతాబ్దానికి చెందినవాడు కనుక, ఇద్దరూ సమకాలికులు కావడం సాధ్యం కాదు. రామభక్తికి మతభేదం లేదన్న భావాన్ని ఈ కథ ప్రజలలో నిలిపింది. గోపన్న కుమారుడు రఘునాథుడు ఒక సంతర్పణ సందర్భంలో గంజిగుంటలో పడి మరణించగా, గోపన్న ప్రార్థనతో తిరిగి బ్రతికాడనే కథ కూడా ప్రచారంలో ఉంది.

తహసీల్దారు ఉద్యోగం

మాదన్న సిఫారసుపై గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించింది. పన్నులు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన విధి. ఈ పరగణాలో అధిక భాగం గోదావరికి ఇరువైపులా వ్యాపించిన దట్టమైన అడవి. కోయలు మొదలైన గిరిజనులు నివసించే ఈ ప్రాంతంలోనే భద్రగిరి ఉంది. మేరుపర్వతుని కుమారుడైన భద్రుడు తపస్సు చేసి, రాముని తన శిరస్సుపై నిలుపుకొన్న స్థలం ఇదేనని స్థలపురాణం చెబుతుంది.

సమీపంలోని భద్రారెడ్డిపాలెంకు చెందిన పోకల దమ్మక్క ఒక పుట్టలో సీతారామలక్ష్మణుల విగ్రహాలను కనుగొన్నదని, వాటిపై తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యంగా సమర్పిస్తూ పూజించిందని ప్రతీతి. తన పరగణాలో ఉన్న ఆ స్వామికి రాతి ఆలయం లేకపోవడం గోపన్నను కలచివేసింది.

ఆలయ నిర్మాణం

గోపన్న మొదట ప్రజల నుండి విరాళాలు సేకరించి, అవి చాలక వసూలైన శిస్తు ధనాన్ని వినియోగించి ఆలయాన్ని పూర్తి చేశాడు. ఆ మొత్తం ఆరు లక్షలని ప్రతీతి. ఆలయంలోని మూలమూర్తి వైకుంఠ రాముడు. నాలుగు చేతులతో, శంఖచక్రాలు, ధనుర్బాణాలు ధరించి, ఎడమ తొడపై సీతాదేవితో కొలువై ఉన్నాడు. ఆలయ శిఖరంపై నిలిపిన సుదర్శన చక్రం గోపన్నకు గోదావరిలో లభించిందని చెబుతారు.

ఆలయంతో పాటు దేవతామూర్తులకు గోపన్న ఆభరణాలు చేయించాడు. సీతమ్మకు చింతాకు పతకం, రామునికి కలికితురాయి వీటిలో ప్రసిద్ధమైనవి. ఈ నగలను, వాటికైన వెచ్చాన్ని ఆయన తరువాత ఒక కీర్తనలో వరుసగా పేర్కొన్నాడు.

కారాగారవాసం

ఖజానాకు చేరవలసిన ధనం చేరకపోవడంతో తానీషా గోపన్నను గోల్కొండ కోటలో బంధించాడు. మేనమామలు ఉన్నత పదవులలో ఉన్నప్పటికీ ఆయనకు శిక్ష తప్పలేదు. పన్నెండేళ్లు కారాగారంలో గడిపినట్లు సంప్రదాయం చెబుతుంది. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాగా పిలిచే గదిని, దాని గోడపై ఉన్న దేవతామూర్తులను సందర్శకులు నేటికీ చూస్తారు.

ఆయన కీర్తనలలో గణనీయమైన భాగానికి నేపథ్యం ఈ కారాగారమే. వీటిలో గోపన్న రాముని వేడుకొన్నాడు, నిష్ఠూరమాడాడు, నిలదీశాడు. నగల జాబితా చదివి వినిపించి, ఇంత ఖర్చు చేసినవాడిని ఇలా వదలివేయడం తగునా అని అడిగాడు. దెబ్బల బాధకు తాళలేక తిట్టి, వెంటనే క్షమించమని ప్రార్థించాడు. రాముడు పలకనప్పుడు సీతమ్మను సిఫారసు చేయమని కోరాడు. ఒక అధికారి తన లెక్కలను పై అధికారికి కాక దైవానికి అప్పజెప్పడం ఈ కీర్తనల ప్రత్యేకత.

విడుదల

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే బంట్ల రూపంలో రాత్రివేళ తానీషా వద్దకు వెళ్లి, ఆరు లక్షల పైకం చెల్లించి రసీదు పొందారని, అప్పుడు రామదాసు విడుదలయ్యాడని కథ. ఆ నాణేలను రామమాడలుగా పిలుస్తారు. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు జరిగే కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపే ఆచారం తానీషా కాలం నుండే వస్తున్నదని ప్రతీతి.

కాలం

తానీషాగా పేరొందిన అబుల్ హసన్ 1672లో సింహాసనమెక్కాడు. అక్కన్న, మాదన్నలు 1686లో హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో కుతుబ్ షాహీ పాలన ముగిసింది. గోపన్న ఉద్యోగం, ఆలయ నిర్మాణం, పన్నెండేళ్ల చెర - ఇవన్నీ తానీషా కాలంలోనే జరిగినట్లయితే మొత్తం పదిహేనేళ్లలో ఇమడవలసి ఉంటుంది. అంటే ఆలయ నిర్మాణానికి లభించిన వ్యవధి బహుస్వల్పం.

రచనలు

దాశరథీ శతకం ఉత్పలమాల, చంపకమాల వృత్తాలలో సాగిన భక్తి శతకం. తెలుగు బడి పిల్లలు తరతరాలుగా కంఠస్థం చేసిన శతకాలలో ఇది ఒకటి.

కీర్తనలు సరళమైన తెలుగులో, నిత్యవ్యవహారంలోని మాటలతో సాగుతాయి. అధిక భాగం కీర్తనలలో ఒక పల్లవి, దాని తరువాత అనేక చరణాలు ఉంటాయి. చరణాలన్నీ సాధారణంగా ఒకే వరుసలో పాడబడతాయి. చివరి చరణంలో భద్రాచలం పేరో, రామదాసు పేరో ముద్రగా వస్తుంది. ఒకరు పాడగా పదిమంది అందుకొని పాడే భజనకు ఈ నిర్మాణం ఎంతో అనువైనది.

కీర్తనల పారంపర్యం

గోపన్న కీర్తనలకు ఆయన కాలపు స్వరలిపి లేదు. సాహిత్యం భజన గోష్ఠుల ద్వారా, వ్రాతప్రతుల ద్వారా నిలిచింది. వరుసలు మాత్రం గాయకుల నోట మారుతూ వచ్చాయి. అందువలన ఒకే కీర్తనను వేర్వేరు గాయకులు వేర్వేరు రాగాలలో పాడడం కనిపిస్తుంది.

19వ శతాబ్దంలో గుంటూరుకు చెందిన తూము నరసింహదాసు భద్రాచలం చేరి, ఆలయంలో నిత్యసేవలను, కీర్తనల గానాన్ని క్రమబద్ధం చేశాడు. త్యాగరాజు (1767-1847) రామదాసును పూర్వభక్తునిగా స్మరించాడు. దేవగాంధారి రాగంలోని క్షీరసాగర శయన కృతిలో రామదాసు చెర విడిపించిన సంగతిని ప్రస్తావించాడు. త్యాగరాజు దివ్యనామ కీర్తనల నిర్మాణం రామదాసు కీర్తనల నిర్మాణానికి సన్నిహితమైనది.

20వ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) ఆకాశవాణి భక్తిరంజని కార్యక్రమాల ద్వారా, రికార్డుల ద్వారా ఈ కీర్తనలను ఇంటింటికీ చేర్చాడు. నేడు చాలామంది ఎరిగిన వరుసలు ఆయన పాడినవే.

సంగీత శిక్షణలో రామదాసు కీర్తనలు

కర్ణాటక సంగీత విద్యార్థి సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు ముగించిన తరువాత కృతులలో ప్రవేశిస్తాడు. ఈ దశలో కొత్తగా ఏవి నేర్చుకోవాలన్నది ప్రధానమైన ప్రశ్న. ఒకే రాగంలో, ఒకే తాళంలో, ఒకే నడకలో పాటలు పెంచుకొంటే సంఖ్య పెరుగుతుంది గాని విద్య విస్తరించదు. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి రచించిన పెద్ద కృతులలో సంగతులు, చిట్టస్వరాలు వంటి అంగాలు ఎక్కువ. రామదాసు కీర్తనలో వరుస చిన్నది. దానిని ఒకసారి పట్టుకొంటే చరణాలన్నీ పాడవచ్చును. కనుక విద్యార్థి దృష్టిని శ్రుతి శుద్ధిపై, ఊపిరి పట్టుపై, మాట విరుపుపై నిలపగలడు.

ఈ ఎంపికకు కొన్ని కీర్తనలను ఉదాహరణగా చెప్పవచ్చును.

ఏ తీరుగ నను దయ జూచెదవో అనే కీర్తనను నాదనామక్రియ రాగంలో, ఆది తాళంలో పాడతారు. నాదనామక్రియ 15వ మేళకర్త మాయామాళవగౌళకు జన్యం. సరళీ వరుసలు నేర్పేది మాయామాళవగౌళలోనే కనుక విద్యార్థికి స్వరస్థానాలు ముందే పరిచయం. పైగా ఈ రాగ సంచారం ప్రధానంగా నిషాదానికి లోబడి ఉంటుంది. తారస్థాయి ఇంకా పలకని గొంతులకు ఇది అనుకూలం. నేర్చిన స్వరాలే జాలిని పలికించగలవని విద్యార్థి ఇక్కడ గ్రహిస్తాడు.

నను బ్రోవమని చెప్పవే కీర్తన కల్యాణి రాగంలో, చాపు తాళంలో ప్రసిద్ధం. కల్యాణి 65వ మేళకర్త. శుద్ధ మధ్యమానికి అలవాటుపడిన చెవికి ఇక్కడ ప్రతి మధ్యమం, ఆది తాళానికి అలవాటుపడిన చేతికి చాపు నడక పరిచయమవుతాయి. ఇది సీతమ్మను ఉద్దేశించిన కీర్తన కనుక, రాముని నిలదీసే కీర్తనలలోని గొంతు దీనికి తగదు.

పలుకే బంగారమాయెనా కీర్తనను ఆనందభైరవి రాగంలో, ఆది తాళంలో పాడతారు. వరుస అందరికీ తెలిసినదే అయినా ఇది సులభమైన కీర్తన కాదు. ఆనందభైరవి వక్ర సంచారాలు, అన్యస్వరాలు గల భాషాంగ రాగం. దీని స్వరూపం ఆరోహణ అవరోహణల కన్నా గమకాలలో ఎక్కువగా ఉంది. అందుచేత ముందు చెప్పిన రెండింటి తరువాత దీనిని చేపట్టడం ఉచితం.

పాహి రామప్రభో కీర్తన మధ్యమావతిలో ప్రసిద్ధం. ఐదు స్వరాల ఈ రాగాన్ని మంగళప్రదంగా భావించి కచేరీ చివర పాడడం సంప్రదాయం. కనుక విద్యార్థికి తన చిన్న కచేరీని ముగించడానికి తగిన కీర్తన ఇందులో లభిస్తుంది.

వాయిద్యాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. వీణపై తీగను లాగి, వయొలిన్‌పై వేలిని జార్చి గమకాన్ని పలికించవచ్చును. హార్మోనియం, పియానో వంటి మెట్ల వాయిద్యాలలో రెండు మెట్ల నడుమ స్వరాన్ని జార్చే వీలు లేదు. కనుక ఆ వాయిద్యాలపై మధ్యమావతి, నాదనామక్రియ కీర్తనలు ఆనందభైరవి కన్నా నిండుగా వినిపిస్తాయి. భజన గోష్ఠులలో హార్మోనియం ప్రధానంగా గాయకుని అనుసరించేది కావడం వలన ఈ లోటు అంతగా తెలియదు.

వరుసలు బాణీని బట్టి మారుతున్నందున, విద్యార్థి మొదట ఒక గురువు పాఠాన్ని స్థిరంగా నేర్చి, తరువాత ఇతర బాణీలను విని పోల్చుకోవడం మేలు. సాహిత్యార్థాన్ని ముందుగా గ్రహించడం ఈ కీర్తనల విషయంలో మరింత అవసరం. నిందాస్తుతిని మంగళహారతి వలె, నిష్ఠూరాన్ని జోలపాట వలె పాడితే స్వరం తప్పకపోయినా కీర్తన తప్పుతుంది.

స్మృతి చిహ్నాలు

నేలకొండపల్లిలో రామదాసు పేరిట ధ్యానమందిరం ఉంది. ఖమ్మం పట్టణంలో భక్త రామదాసు కళాక్షేత్రం, సికింద్రాబాదులో ఆయన పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. ఆయన జీవితకథ ఆధారంగా చిత్తూరు నాగయ్య 1964లో రామదాసు చిత్రాన్ని నిర్మించగా, 2006లో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో శ్రీరామదాసు చిత్రం వెలువడింది.

2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ఆయన జన్మస్థలం నేలకొండపల్లి ఖమ్మం జిల్లాలోనే ఉండగా, ఆయన పాలించిన పాల్వంచ, ఆలయం నిర్మించిన భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరాయి. భద్రాచలంలో ఏటా ఆయన జయంతి సందర్భంగా వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి. త్యాగరాజ పంచరత్నాల తీరున రామదాసు నవరత్న కీర్తనలను ఈ ఉత్సవాలలో గోష్ఠిగా గానం చేస్తారు. పేరుపొందిన విద్వాంసులతో పాటు సంగీత విద్యార్థులు కూడా ఈ గోష్ఠిలో గొంతు కలుపుతారు.