పదిమంది చేత గోడకి బొమ్మ వేయించిన మాస్టారు

చేతికర్ర పట్టుకుని వడివడిగా నడిచిపోతున్న గాంధీగారి నలుపు తెలుపు బొమ్మ మీరు చూసే ఉంటారు. ఎక్కువ గీతలుండవు. అయినా ఆ నడకలో పట్టుదల కనిపిస్తుంది. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆ బొమ్మ చెక్కినాయన నందలాల్ బోస్. మన రాజ్యాంగం అసలు ప్రతిలో బొమ్మలు వేసిందీ ఆయనా, ఆయన శిష్యులూను. ఆయన పేరెత్తితే అందరూ ఈ రెండే చెప్తారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరే సంగతి. గదిలో ఒంటరిగా కూర్చుని జానెడు కాగితం మీద బొమ్మలు వేసుకునే ఓ మితభాషి, ఊరందరూ చూసే గోడలకి పదిమంది చేత బొమ్మలు వేయించే మేస్త్రీ ఎలా అయ్యారన్నది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటారా? మా కైకలూరులో మా వీధి ఆడవాళ్ళం ఓ బడి ప్రహరీ గోడకి బొమ్మలు వేయిద్దామని అనుకున్నాం. అనుకోవడం ఎంతసేపు? ఎవరు గీస్తారు, ఎవరు రంగు నింపుతారు, ఎన్ని డబ్బాలు కావాలి, మా కొల్లేటి నేల చెమ్మకి గోడ అడుగునుంచి పెచ్చులూడిపోతే ఏం చెయ్యాలి అని ప్రశ్నలు మొదలయ్యాయి. వాటికి జవాబులు వెతుక్కుంటూ నందలాల్ గారి కథలోకి వెళ్ళాను.

ఆయన 1882 డిసెంబరు 3న బీహారులో ముంగేర్ జిల్లా ఖరగ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి చేతి పనిలో నేర్పరి. పిల్లలు ఆడుకునే బొమ్మల్ని ఇంట్లోనే చేసేదట. ఆవిడ కొడుకు చిన్నతనంలోనే పోయింది. ఆ పిల్లాడు పూజల రోజుల్లో విగ్రహాలు చేసే కుమ్మరుల దగ్గర చేరి, మట్టి ఎలా తొక్కుతారో, గడ్డి ఎలా చుడతారో చూస్తూ కూర్చునేవాడు. నన్నడిగితే ఆయన మొదటి బడి అదే. దుర్గమ్మ విగ్రహం ఒక్కడు చేసేది కాదు కదా! గడ్డి కట్టేవాడొకడు, మట్టి పూసేవాడొకడు, కళ్ళు దిద్దే పెద్దాయన వేరొకడు.

తర్వాత కలకత్తా చదువు. 1903లో సుధీరాదేవితో పెళ్ళి. కాలేజీ చదువు తలకెక్కలేదు. ఇంట్లో వాళ్ళు ఎంత బాధపడి ఉంటారో మనకి తెలియనిదా! చివరికి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో అవనీంద్రనాథ్ ఠాకూర్ గారి శిష్యుడయ్యారు. అక్కడ నేర్చుకున్నవి చిన్న బొమ్మలే. సతీదేవి, శివుడు, పురాణ కథలు, లేత రంగులు. పేరు కూడా త్వరగానే వచ్చింది.

ఆయన్ని మలుపు తిప్పింది అజంతా. 1909-10 చలికాలంలో లేడీ హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి, ఆ గుహల గోడల మీది బొమ్మలు పాడైపోతున్నాయని, వాటికి నకళ్ళు తీయించడానికి పూనుకున్నారు. సిస్టర్ నివేదిత పూనికతో కలకత్తా కుర్రాళ్ళు ఆవిడకి సాయం వెళ్ళారు. వాళ్ళలో నందలాల్ ఒకరు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ అని ఇద్దరు కూడా ఆ జట్టులో చేరారు. చీకటి గుహల్లో, గబ్బిలాల మధ్య, ఒక ఆడమనిషి ఆధ్వర్యంలో పని! ఎవరు ఏ గుహలో కూర్చోవాలి, ఏ భాగం ఎవరు నకలు తీయాలి అని పని పంచుకుని చేస్తే ఎంత సాగుతుందో ఆయన అక్కడ కళ్ళారా చూశారు. ఇంకోటి కూడా. ఆ గోడల మీద ఎవరి సంతకమూ లేదు.

1921లో గ్వాలియర్ సంస్థానంలోని బాఘ్ గుహలకి కూడా ఇదే పని మీద వెళ్ళారు. ఈలోగా 1919లో రవీంద్రనాథ్ ఠాకూర్ శాంతినికేతన్‌లో కళాభవన్ పెట్టారు. ఆ తర్వాత కొద్ది కాలానికే నందలాల్ అక్కడ స్థిరపడి దాని బాధ్యత తీసుకున్నారు. 1951 వరకూ అదే ఆయన ఇల్లు, అదే లోకం. అందరూ ఆయన్ని మాస్టర్ మొశాయ్ అనేవారు. మన మాస్టారు అన్నమాట.

అదే కాలంలో ఆ బెంగాలీ గాలి మన వైపూ వీచింది. మాకు దగ్గర్లోని బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ బొమ్మలు నేర్పితే, భీమవరం వైపు అడివి బాపిరాజుగారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. తర్వాత రోజుల్లో మన కొండపల్లి శేషగిరిరావుగారు శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ గారి దగ్గరే చదివారు. కాబట్టి ఈ మాస్టారు మనకి మరీ పరాయి కాదు.

శాంతినికేతన్‌లో భవనాలన్నీ కొత్తవి, గోడలన్నీ ఖాళీ. డబ్బు మాత్రం లేదు. పెద్ద పెద్ద చిత్రకారుల్ని పిలిచే తాహతు లేదు గనక మాస్టారూ, పిల్లలూ కలిసి వేసుకోవడమే. కానీ గోడ మీద ఎలా వెయ్యాలి? కాగితం మీద వేసినట్టు వేస్తే రెండు వానలకి పోతుంది. దానికి ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే మేస్త్రీని రప్పించారు. కళాభవన్ పెద్ద అయ్యుండి, తాపీ పని చేసుకునే మనిషి పక్కన శిష్యులతో పాటు నిలబడి నేర్చుకున్నారు.

ఆ జైపూర్ పద్ధతి వింటే వంటింటి పనిలాగే ఉంటుంది. సున్నాన్ని నెలల తరబడి నీళ్ళలో నానబెడతారు. పై నీళ్ళు మారుస్తూ ఉంటారు. అందులో పెరుగు కలుపుతారు. ఆ రోజు ఎంత మేర బొమ్మ వెయ్యగలరో అంత మేరకే తడి సున్నం పూత పూస్తారు. అది ఆరేలోపు రంగు పడాలి. ఆ రంగుని తాపీతో మెత్తగా కొట్టి లోపలికి దించి, నున్నటి అకీకు రాయితో రుద్ది, ఆఖర్న కొబ్బరినూనె గుడ్డతో మెరుగు పెడతారు. అంటే పొద్దున్నే లెక్క తెలియాలి. ఇవాళ ఎంత గోడ, ఎంతమంది మనుషులం, ఎంత సున్నం? ఎక్కువ పూస్తే ఎండిపోయి దండగ. తక్కువ పూస్తే మనుషులు ఖాళీ. పదిమందికి వండి వార్చే ఏ ఇల్లాలికైనా ఈ లెక్క కొత్త కాదు, కదూ?

ఇళ్ళలో ఉన్న ఇంకో విద్యని కూడా ఆయన బడిలోకి తెచ్చారు. బెంగాలీ ఆడవాళ్ళు నోముల్లో బియ్యప్పిండి నీళ్ళతో నేల మీద వేసే అల్పన, అంటే మన ముగ్గుకి చెల్లెలు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుకుమారీదేవి అల్పన వెయ్యడంలో అందె వేసిన చెయ్యి. ఆవిడ కళాభవన్‌లో అల్పన నేర్పారు. చిత్రకళా పాఠశాలలో ముగ్గు వేసే ఆవిడ గురువు! ఆ రోజుల్లో ఈ దేశంలో ఇంకెక్కడ జరిగింది? కొలబద్ద లేకుండా, చెరిపి దిద్దుకోకుండా, వంగి నడుస్తూ ఒక పెద్ద వాకిలిని నింపగల చెయ్యి గోడని చూసి బెదరదు. నందలాల్ గారి పెద్దమ్మాయి గౌరి ఈ విద్యలో ఆరితేరి, కళాభవన్‌లో ఏళ్ళ తరబడి నేర్పారు. గౌరీ భంజ అనే పేరు మన వాళ్ళలో ఎంతమందికి తెలుసు? సుకుమారీదేవి పేరు అంతకన్నా తక్కువ మందికి. మాస్టారు ఆడవాళ్ళకి చోటిచ్చారుగానీ, పుస్తకాలు రాసినవాళ్ళు మాత్రం వాళ్ళకి రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

శాంతినికేతన్ పక్కనే ఉన్న శ్రీనికేతన్‌లో, రవీంద్రులు స్వయంగా నాగలి పట్టిన హలకర్షణ ఉత్సవాన్ని 1930లో ఆయన గోడ మీదకెక్కించారు. పిల్లల వసతి కోసం మట్టితో కట్టిన నల్ల ఇల్లు ఒకటుంది, కాలోబాడి అంటారు. దాని గోడల మీద గురువులూ శిష్యులూ కలిసి మట్టితో ఉబ్బెత్తు బొమ్మలు చేసి, వానకి కరక్కుండా తారు పూశారు. మట్టీ, తారూ! ఇంతకన్నా చవకగా ఎవరు చేస్తారు? అయితే ఒకసారి పూసి వదిలేస్తే కుదరదు, మళ్ళీ మళ్ళీ పూస్తూ ఉండాలి. మా గోడ సంగతి మాట్లాడుకున్నప్పుడు అందరం మర్చిపోయేది ఇదే. బొమ్మ వేసే రోజుకి చందాలు వస్తాయి. మూడో ఏట మరమ్మత్తుకి ఎవరిస్తారు?

ఇక గాంధీగారి పిలుపు. 1936లో లక్నో కాంగ్రెసుకి నందలాల్ గారు ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే మహారాష్ట్రలో ఫైజ్‌పూర్ అనే పల్లెలో కాంగ్రెసు సభ. పల్లెటూళ్ళో పెట్టడం అదే మొదలు. మొత్తం సభానగరాన్నే అలంకరించమన్నారు. నేను బొమ్మలు వేసేవాణ్ణి, కట్టడాలు నాకేం తెలుసని ఆయన వెనక్కి తగ్గారు. గాంధీగారు వదల్లేదు. ఆ చుట్టుపక్కల దొరికేవాటితోనే చెయ్యాలని నియమం. వెదురూ, గడ్డీ, తట్టలూ, కుండలూ తప్ప ఇంకేమీ లేకుండా ఊరిని నిలబెట్టారు.

1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లో తపతీ నది ఒడ్డున హరిపురా కాంగ్రెసు. సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షుడు. సభా ప్రాంగణానికి విఠల్ నగర్ అని పేరు. నందలాల్ గారు ముందు ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగి, మనుషుల్నీ పనుల్నీ చూసి బొమ్మలు గీసుకున్నారు. దంచే ఆడవాళ్ళు, డోలు వాయించేవాడు, కుమ్మరి, వడ్రంగి, దర్జీ, బిడ్డ తల్లి. సుమారు రెండడుగుల పలకలు. అట్ట మీద చేతి కాగితం అంటించి, జాజు, పసుపుపచ్చ మట్టి, మసి లాంటి రంగులతో ఆగకుండా కుంచె లాగడం. ఎనభై పైచిలుకు బొమ్మలు తానే వేశారు. వాటిని చూసి శిష్యులు మళ్ళీ మళ్ళీ వేయగా దాదాపు 400 అయ్యాయి. ద్వారాలకీ, దారులకీ అవి కట్టారు.

ఇందులో తెలివి చూడండి. పెద్ద గోడ అంటే పెద్ద పరంజా, పెద్ద ఖర్చు, వానొస్తే అంతా నాశనం. పలకలైతే ఇంటి దగ్గర నీడపట్టున కూర్చుని వేసుకోవచ్చు. ఒకటి పాడైతే ఒకటే మార్చుకోవచ్చు. చెయ్యి తిరగని వాడికి కూడా చూసి వేసే పని దొరుకుతుంది. బళ్ళు కట్టుకుని సభకొచ్చిన రైతు నడుస్తూ నడుస్తూ తనలాంటి వాణ్ణే బొమ్మలో చూసుకుంటాడు. టిక్కెట్టు కొని లోపలికెళ్ళక్కరలేదు. మా ఊళ్ళో వేస్తే నేనైతే ఆటపాక గూడబాతుల్నీ, కొల్లేటి లంకల్లో దోనె తోసుకెళ్ళే మనుషుల్నీ ముందు వెళ్ళి చూసి రమ్మంటాను. ఎక్కడిదో క్యాలెండరు తెచ్చి ఎక్కించడం కాదు.

బరోడాలో గైక్వాడ్ మహారాజుల స్మారకం కీర్తిమందిర్ పని దీనికి పూర్తిగా భిన్నం. 1939లో మొదలై 1946 దాకా సాగింది. గంగావతరణం, మీరాబాయి, నటీర్ పూజ, అభిమన్యుడి యుద్ధం అని నాలుగు గోడలు. ఒక్కో గోడకి ఒక్కో విడత శిష్యుల్ని వెంటేసుకుని వెళ్ళేవారు. నటీర్ పూజ అంటే బుద్ధుడి స్తూపం ముందు నాట్యమాడి ప్రాణమిచ్చిన దాసి శ్రీమతి కథ. 1926లో రవీంద్రుల నాటకంలో ఆ శ్రీమతి వేషం వేసి నాట్యం చేసింది గౌరే. మర్యాదస్తుల ఇంటి పిల్ల నలుగురిలో నాట్యం చెయ్యడమా అని ముక్కున వేలేసుకునే రోజులవి. ఆ నాటకాన్నే 1942లో శాంతినికేతన్ చీనాభవన్ గోడ మీదా, తర్వాత బరోడాలోనూ తండ్రి చిత్రించారు.

శిష్యుల్ని తన నీడలోనే ఉంచుకోలేదాయన. చూపు బాగా మందగించిన వినోదబిహారీ ముఖర్జీ 1946-47లో హిందీభవన్ గోడల మీద మధ్యయుగాల భక్తుల జీవితాల్ని వేస్తే, భార్య లీలా ముఖర్జీ, విద్యార్థులు తోడు నిలబడ్డారు. మాస్టారి గోడలకన్నా అదే గొప్పదనేవాళ్ళున్నారు. నేనూ ఆ పక్షమే.

రాజ్యాంగం పని కూడా ఇలాగే సాగింది. 22 భాగాలకీ బొమ్మలు, పేజీల చుట్టూ అంచులు. పని పంచుకున్న వాళ్ళలో బ్యోహార్ రామమనోహర్ సిన్హా, కృపాల్ సింగ్ షెఖావత్ ఉన్నారు. కూతుళ్ళు గౌరి, జమున కూడా ఉన్నారు. 1950 జనవరి 24న సభ్యులు దాని మీద సంతకాలు చేశారు. చేతిరాత ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదాది.

1954లో నందలాల్ గారికి పద్మవిభూషణ్ వచ్చింది. 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు. హరిపురా పలకల్లో మిగిలినవి చాలావరకు ఢిల్లీలోని జాతీయ ఆధునిక చిత్రకళా ప్రదర్శనశాలలో ఉన్నాయి. శాంతినికేతన్ గోడల్లో కొన్ని చెమ్మకి దెబ్బతింటే మరమ్మత్తులు చేశారు. అక్కడ పండగలప్పుడు కళాభవన్ పిల్లలు నేలంతా అల్పన వేస్తారు. ముందు ఒకరు గీత లాగుతారు, వెనకాల నలుగురు నింపుకుంటూ వస్తారు.