దొడ్డి కొమరయ్య

దొడ్డి కొమరయ్య (ఏప్రిల్ 3, 1927 - జూలై 4, 1946) తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడుగా ప్రసిద్ధి చెందాడు. దొడ్డి కొమురయ్య అని కూడా వ్రాస్తారు. గ్రామస్తుల ఊరేగింపుపై భూస్వామి మనుషులు జరిపిన కాల్పులలో ఇతడు మరణించాడు.

జీవితం

కొమరయ్య కడవెండి గ్రామంలో గొర్రెల కాపరుల కుటుంబంలో జన్మించాడు. అప్పట్లో నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉన్న ఈ గ్రామం ప్రస్తుతం జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉన్నది. ఇతని అన్న దొడ్డి మల్లయ్య. సోదరులిద్దరూ ఆంధ్ర మహాసభ గ్రామ సంఘంలో పనిచేశారు.

నేపథ్యం

నిజాం పాలనలో ఈ ప్రాంతం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆధీనంలో ఉండేది. సుమారు 60 గ్రామాలపై ఇతని పెత్తనం సాగేది. ఇతని తల్లి జానకమ్మ కడవెండి గడీలో నివసించేది. వెట్టిచాకిరి, అక్రమ వసూళ్ళు, లెవీ ధాన్యం ప్రజలను పీడించాయి. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత గ్రామాలలో సంఘాలు బలపడ్డాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఈ దేశ్‌ముఖ్‌నే ఎదిరించి తన పంటను కాపాడుకున్నది.

మరణం

1946 జూలై 4న సంఘం కార్యకర్తలు, గ్రామస్తులు కర్రలు చేతబట్టి ఊరేగింపుగా బయలుదేరారు. ఊరేగింపు గడీ సమీపానికి రాగానే దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులతో కాల్పులు జరిపారు. ముందు వరుసలో ఉన్న కొమరయ్య తూటా తగిలి మరణించాడు. మల్లయ్య గాయపడ్డాడు. కొమరయ్య వయసు అప్పటికి 19 సంవత్సరాలు. ఆగ్రహించిన ప్రజలు చెదరిపోక గడీని చుట్టుముట్టారు.

ఆయుధాలు

ఆనాడు పల్లెలలో తుపాకి దొరల అధికారానికి గుర్తు. రైతుల వద్ద గుతపలు, వడిసెలలు, కారంపొడి మాత్రమే ఉండేవి. పోరాటం సాయుధ రూపం దాల్చిన తరువాత దళాలు భర్మారు తుపాకులను కూడా వాడాయి. ఈ తుపాకిలో మందును, గుళ్ళను గొట్టం మూతి నుండి కూరుతారు. మందు ఎక్కువైతే గొట్టం పగిలి కాల్చినవాడికే ప్రమాదం కలుగుతుంది. కూరిన తుపాకి ఖాళీదో కాదో పైకి కనిపించదు. అందువలన ప్రతి తుపాకినీ కూరినదిగానే భావించడం, గొట్టాన్ని మనుషులవైపు త్రిప్పకపోవడం, కాల్చేవరకు మీటపై వేలు పెట్టకపోవడం, మందును నిప్పుకు దూరంగా ఉంచడం అవసరం. స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధ చట్టం తుపాకులపై అనుమతి విధానాన్ని నిర్దేశించింది. 2016 నిబంధనలు అనుమతి కోరేవారికి భద్రతా శిక్షణను కూడా చేర్చాయి.

ప్రభావం

కొమరయ్య మరణంతో ఉద్యమం చుట్టుప్రక్కల గ్రామాలకు వేగంగా వ్యాపించింది. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వెలువడింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కూడా కొనసాగిన పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. కడవెండిలో కొమరయ్య స్మారక స్థూపం ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం ఇతని జయంతి, వర్ధంతులను అధికారికంగా నిర్వహిస్తున్నది.