కోకా సుబ్బారావు: ఆనాటి అల్పసంఖ్యాక తీర్పు

ఈ వారం లేఖను ఢిల్లీ నుండి గాక ఖరగ్‌పూర్ నుండి వ్రాస్తున్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నేటికీ ఉన్నవి. ఈ వీధులకు ఎంతో దూరాన లేని హిజ్లీలో 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పింది. విచారణ లేకుండా అక్కడ బంధించిన వారిపై 1931 సెప్టెంబర్ 16న పోలీసులు కాల్పులు జరుపగా ఇద్దరు మరణించారు. నేరం రుజువు కాని మనిషిపై ప్రభుత్వానికి ఎంతటి అధికారం ఉండవచ్చునన్న ప్రశ్న పరాయి పాలనతో ముగియలేదు. స్వతంత్ర భారతంలో ఆ ప్రశ్నకు అందరికంటె సూటిగా బదులు చెప్పిన న్యాయమూర్తి మన తెలుగువాడు.

కోకా సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే వకీలుగా పేరు గడించి, 1948లో హైకోర్టు న్యాయమూర్తి అయినారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వచ్చారు.

ఆయన పేరు చెప్పగానే అందరూ 1967 నాటి గోలక్‌నాథ్ కేసును తలుస్తారు. నా దృష్టిలో నిందితుల హక్కులపై ఆయన వ్రాసిన తీర్పులు అంతకు తక్కువైనవి కావు. అలాగని ఆయన నిందితుల పక్షపాతి కాడు. 1961లో నానావతి కేసులో యావజ్జీవ శిక్షను ఖాయపరుస్తూ తీర్పు వ్రాసినది ఆయనే. భార్య నిజం చెప్పిన క్షణానికీ తుపాకి పేలిన క్షణానికీ నడుమ ఆవేశం చల్లారేటంత వ్యవధి ఉన్నదని నిర్ణయించారు. అదే తీర్పులో, నేరాన్ని రుజువు చేయవలసిన మౌలిక బాధ్యత ప్రాసిక్యూషన్‌ను విడిచి పోదని కూడా స్పష్టపరచారు.

అంతకు ముందు 1960లో దేవమాన్ ఉపాధ్యాయ కేసులో ఆయన తోటివారితో విభేదించారు. పోలీసుల కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వెంట వస్తువు దొరికితే ఆ మేరకు ఆ మాట సాక్ష్యమవుతుందన్నది అప్పటి సాక్ష్య చట్టం 27వ సెక్షన్. కస్టడీలో లేనివానికి లేని ఈ ప్రమాదం ఉన్నవానికి మాత్రం ఉండడం సమానత్వానికి విరుద్ధమని ఆయన వాదం. అది నెగ్గలేదు.

ఇక ఖరక్ సింగ్ కథ. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇతనిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదలివేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరచారు. చౌకీదారులు, కానిస్టేబుళ్లు అర్ధరాత్రి తలుపు తట్టి నిద్రలేపేవారు. ఊరు దాటితే ఎక్కడికో చెప్పి వెళ్లవలసిందే. 1962 డిసెంబర్ 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో అధిక సంఖ్యాకులు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టివేసి, తక్కిన నిఘాను నిలిపారు. ఏకాంతం ప్రాథమిక హక్కు కాదన్నారు. సుబ్బారావుగారు, జస్టిస్ షా మొత్తం నిబంధననే చెల్లదన్నారు. వెంట నీడవలె పోలీసు ఉండగా కాళ్లు కదలినంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా సంచరిస్తున్నట్లా అన్నది ఆయన తర్కం. ఏకాంతమన్న పదం రాజ్యాంగంలో లేకున్నా, అది లేని వ్యక్తి స్వేచ్ఛ డొల్ల అని ఆయన గ్రహించారు.

1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయినారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, విదేశీయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, పాస్‌పోర్టును అధికారుల ఇష్టానికి వదలరాదని సత్వంత్ సింగ్ సాహ్ని కేసులో తీర్పునిచ్చారు. వెంటనే రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడినారు. ఆ పోటీ ఆయనకు శోభించలేదని నా అభిప్రాయం. గోలక్‌నాథ్ తీర్పులో రాజకీయం వెదికేవారికి చేజేతులా ఆయుధమిచ్చినట్లయింది.

ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టు గడప తొక్కే హక్కు లేదని సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న నలుగురు ఒకవైపు, ఒక్కరు మరొకవైపుగా తేల్చింది. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూశారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఖరక్ సింగ్ కేసులో ఆయన పక్షమే సరైనదన్నారు. ఎమర్జెన్సీ నాటి ఆ తీర్పు సైతం అదేనాడు రద్దయింది. మన తెలుగునాట పోలీసు స్టేషన్లలో రౌడీషీట్లు మాత్రం ఇంకా తెరుస్తూనే ఉన్నారు.