బొగ్గు లెక్క చూసిన జేమ్స్ వాట్

బండి లీటరుకు ఎంత ఇస్తోంది అనే మాట వినపడని ఇల్లు తక్కువ. మా బడి పిల్లల తండ్రుల్లో కార్బ్యురేటర్ స్క్రూ తామే తిప్పి చూసుకునేవాళ్లున్నారు, టైర్లలో గాలి వారం వారం సరిచూసుకునేవాళ్లున్నారు. ఉన్న యంత్రాన్నే కాస్త మార్చి ఇంధనం మిగల్చాలనే ఈ ఆలోచనలో చరిత్రకెక్కినవాడు జేమ్స్ వాట్. మనం మాత్రం పిల్లలకు కెటిల్ మూత ఎగిరిన కథ చెప్పి పాఠం ముగిస్తాం. అది విన్న పిల్లలు ఆవిరి యంత్రం వాట్ కనిపెట్టాడనే రాస్తారు. నిజానికి ఆయన పుట్టకముందే, 1712 నుంచే, ఇంగ్లండ్‌లో న్యూకమెన్ యంత్రాలు గనుల్లో నీళ్లు తోడుతున్నాయి.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లండ్‌లోని గ్రీనాక్ రేవులో పుట్టాడు. తండ్రిది ఓడల పని, వ్యాపారం. పిల్లవాడికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అందుకే మొదట్లో తల్లి దగ్గరే చదువు, తండ్రి పనిముట్లతోనే ఆట. పంతొమ్మిదో ఏట లండన్ వెళ్లి, మామూలుగా ఏడేళ్లు పట్టే కొలత పరికరాల పని ఏడాదిలో నేర్చుకుని తిరిగొచ్చాడు. 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయం తన ఆవరణలోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకోనిచ్చింది.

1763-64లో విద్యార్థులకు చూపించే న్యూకమెన్ యంత్రం నమూనా ఒకటి రిపేరుకు వచ్చింది. బాగుచేశాక కూడా అది నాలుగుసార్లు ఆడి ఆగిపోయేది. బాయిలర్ ఇచ్చే ఆవిరి దానికి చాలడం లేదు. ఎందుకని? అందులో సిలిండర్లోకి ఆవిరి వచ్చాక అదే సిలిండర్లో చన్నీళ్లు చల్లి ఆవిరిని నీరుగా మారుస్తారు. లోపల ఖాళీ ఏర్పడితే బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగుతుంది. మళ్లీ వచ్చే ఆవిరి ముందు ఆ చల్లారిన సిలిండర్‌నే వేడి చేయాలి. ప్రతి దోసెకూ పెనం మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి మళ్లీ కాచినట్టు! వాట్ కొలిచి చూస్తే దాదాపు ముప్పావు వంతు ఆవిరి ఇలా వృథా అవుతోంది.

1765లో ఒక ఆదివారం గ్లాస్గో మైదానంలో నడుస్తుండగా దారి దొరికింది. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెడితే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. ఆ పాత్రే కండెన్సర్. వైద్యులు వాడే ఇత్తడి పిచికారీని సిలిండర్‌గా పెట్టి చిన్న నమూనా చేశాడు. అది ఆడింది.

పెద్ద యంత్రం మాత్రం వెంటనే ఆడలేదు. సిలిండర్ గుండ్రంగా కుదరక పిస్టన్ పక్కల నుంచి ఆవిరి పోయేది. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. ఇల్లు గడవడానికి వాట్ ఏళ్ల తరబడి కాలువల సర్వే చేశాడు. ఆయన సర్వేలో ఉండగానే 1773లో భార్య మార్గరెట్ ప్రసవ సమయంలో మరణించింది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ వెళ్లి, మాథ్యూ బౌల్టన్ అనే కర్మాగార యజమానితో కలిశాడు. ఫిరంగి గొట్టాలు తొలిచే విల్కిన్సన్ సిలిండర్లను సరిగ్గా తొలిచి ఇచ్చాడు. 1776లో యంత్రాలు పనిలోకి దిగాయి. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి.

వాళ్లు డబ్బు తీసుకున్న పద్ధతి నాకు భలే నచ్చుతుంది. పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు ఇస్తే చాలు. కార్న్‌వాల్‌లో బొగ్గు దొరకదు, ఓడల్లో రావాలి. అక్కడి రాగి, తగరం గనుల వాళ్లకు ఈ బేరం వరమే. ఎన్నిసార్లు ఆడిందో లెక్కపెట్టే మీటరును తాళం వేసిన పెట్టెలో యంత్రానికి బిగించేవారు. కొన్నాళ్లకు ఆ గనుల యజమానులే ఆ మూడో వంతు భారమని గొణిగారు, బాకీలు పెట్టారు.

వాళ్ల గొణుగుడులో న్యాయం లేకపోలేదు. పేటెంటు గడువును పార్లమెంటు చట్టంతో 1800 దాకా పొడిగించుకున్న వాట్, రెండు సిలిండర్ల యంత్రం చేసిన హార్న్‌బ్లోయర్ లాంటివారిని కోర్టుల దాకా అడ్డుకున్నాడు. ఎక్కువ ఒత్తిడి ఆవిరి ప్రమాదమని ఆయన నమ్మకం. ట్రెవిథిక్ ఆ ఒత్తిడితోనే బండిని నడిపించింది గడువు తీరాకే. ఒకరి యంత్రాన్ని మార్చి పైకొచ్చినవాడు తన యంత్రాన్ని ఇంకొకరు మారుస్తానంటే ఒప్పుకోలేదు. తరగతిలో ఈ సంగతీ చెప్పాలి.

1800లో వ్యాపారం వదిలేసి, ఇంటి అటక మీది గదిలో శిల్పాలకు నకళ్లు తీసే యంత్రంతో కుస్తీ పడుతూ గడిపాడు. 1819 ఆగస్టు 25న కన్నుమూశాడు. ఆ గదిలోని ఉలులు, సుత్తులు, సగం చేసిన బొమ్మలు ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నాయి.