పునీత కమిల్లుస్: రాళ్లపై మోకరించిన జూదరి

జూలై 14న తల్లి శ్రీసభ పునీత కమిల్లుస్ పండుగను కొనియాడుతుంది. 1550లో ఇటలీలోని బుక్కియానికోలో జన్మించిన ఆయన, తండ్రివలెనే సైనికుడయ్యారు. జూదమూ తండ్రి నుండే అబ్బింది. తండ్రి మరణించిన దుఃఖంలో ఫ్రాన్సిస్ సభలో చేరతానని దేవునికి మొక్కుకున్నారు. ఆ మొక్కు తీర్చలేదు. కాలి పుండు వైద్యానికి రోములోని పునీత యాకోబు ఆసుపత్రికి వెళ్లి, అక్కడే పనికి కుదిరారు. జూదం మానలేక ఆ పనీ పోగొట్టుకున్నారు. 1574లో నేపుల్స్‌లో ఉన్నదంతా ఒడ్డి ఓడిపోయారు. మన్‌ఫ్రెదోనియాలో బిచ్చమెత్తి, చివరకు కపూచిన్ మఠ నిర్మాణంలో కూలికి చేరారు.

ఒక మఠశ్రేష్ఠుడు చెప్పిన హితవు ఆయన మనస్సును తొలిచింది. మరునాడు, 1575 ఫిబ్రవరి 2న, దారిలోనే రాళ్లపై మోకరించి, గడిచిన జీవితానికై కన్నీటితో క్షమాపణ వేడుకున్నారు. బాగుపడిన తర్వాత వేడుకుందామని ఆగలేదు.

కపూచిన్ సభలో చేరినా, పుండు మానకపోవడంతో వారు పంపివేశారు. ఆ పుండే ఆయనను రోగుల చెంతకు నడిపించింది. తనను వెళ్లగొట్టిన ఆసుపత్రిలోనే తిరిగి సేవచేశారు. పునీత ఫిలిప్పు నేరి వద్ద పాపసంకీర్తనం చేసేవారు. 1584లో గురుపట్టం పొందారు. రోగుల సేవకై ఆయన స్థాపించిన సభకు ఎర్ర సిలువ గుర్తు. 1614 జూలై 14న ప్రభువులో నిద్రించారు. 1746లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

తప్పిన మొక్కులు, మళ్లీ మళ్లీ చేసిన పాపాలు మనల్నీ దేవాలయ గడప వద్ద ఆపుతుంటాయి. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలని వెనుకాడతాం. కమిల్లుస్ కన్నీటి ముఖంతోనే వెళ్లారు. దేవునికి అదే చాలింది.