డాలర్ నోటు మీది బిగించిన పెదవులు



అమెరికా నుంచి వచ్చిన బంధువులు పిల్లల చేతిలో పెట్టిన ఒక డాలర్ నోటు చాలా ఇళ్ళలో భద్రంగా ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని మీద ఉన్న జార్జ్ వాషింగ్టన్ పెదవులు గట్టిగా బిగించి ఉంటాయి. నోటి చుట్టూ కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. పిల్లలు అది కోపం అనుకుంటారు. ఆ బొమ్మకు మూలమైన చిత్రాన్ని గిల్బర్ట్ స్టూవర్ట్ 1796లో వేశారు. అప్పటికి వాషింగ్టన్ నోట్లో ఉన్నది స్ప్రింగుల పళ్ళ సెట్టు. నోరు కాస్త వదులు చేస్తే ఆ స్ప్రింగులు దవడలను తెరిచేస్తాయి. అందుకే ఆ బిగింపు.

వాషింగ్టన్ 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టారు. పదకొండేళ్ళకే తండ్రి పోయారు. పదిహేడేళ్ళకు భూములు కొలిచే సర్వేయర్ ఉద్యోగంలో చేరారు. పందొమ్మిదేళ్ళప్పుడు బార్బడోస్‌లో మశూచి సోకింది. తర్వాత మలేరియా, విరేచనాలు ఆయన్ని చాలాసార్లు మంచాన పడేశాయి. ఆ రోజుల్లో చాలా జబ్బులకు పాదరసం కలిసిన మందులే వాడేవారు. అవి చిగుళ్ళను పాడుచేస్తాయి. 1756లో, అంటే 24 ఏళ్ళ వయసులో, ఆయన మొదటి పన్ను తీయించుకున్నారు. డాక్టరుకు ఐదు షిల్లింగులు ఇచ్చినట్టు సొంత లెక్కల్లో రాసుకున్నారు.

పళ్ళు తోముకోకపోవడం వల్ల ఇలా జరిగిందని పిల్లలకు చెప్పాలనిపిస్తుంది, కానీ అది నిజం కాదు. ఆయన ఇంగ్లండ్ నుంచి బ్రష్‌లు, పళ్ళపొడి తెప్పించుకుని శ్రద్ధగా వాడేవారు. అయినా ఇంచుమించు ఏడాదికో పన్ను చొప్పున పోతూనే వచ్చాయి.

1775లో ఆయన సైన్యానికి అధిపతి అయ్యేనాటికే మిగిలిన పళ్ళకు తీగలతో కృత్రిమ పళ్ళు కట్టించుకుని ఉన్నారు. యుద్ధం మధ్యలో, 1781 మే నెలలో, ఫిలడెల్ఫియాలోని తన దంతవైద్యుడు జాన్ బేకర్‌కు ఒక ఉత్తరం రాశారు. తీగలు బిగించుకునే చిన్న పట్టకారు, పళ్ళు గీకే పరికరాలు పంపమన్నారు. ఇప్పట్లో తాను ఫిలడెల్ఫియా వైపు వచ్చే అవకాశం లేదని కూడా రాశారు. ఆ ఉత్తరం బ్రిటిష్ వాళ్ళ చేతిలో పడింది. న్యూయార్క్‌లో ఉన్న జనరల్ క్లింటన్ దాన్ని దాచుకున్నారు. వాషింగ్టన్ న్యూయార్క్ దగ్గరే ఉంటారన్న ఆయన నమ్మకానికి ఈ పళ్ళ ఉత్తరం కూడా బలం ఇచ్చిందని చరిత్రకారులు అంటారు. ఆగస్టులో వాషింగ్టన్ సైన్యం దక్షిణానికి కదిలింది. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. యుద్ధాన్ని పంటి నొప్పి గెలిపించిందని అనలేం గానీ, క్లాసులో ఈ కథ చెబితే చివరి బెంచీ కూడా నిద్ర లేస్తుంది.

ఇక అదే నోటి చరిత్రలో చెప్పడానికి కష్టమైన భాగం ఒకటి ఉంది. యుద్ధం అయ్యాక ల మేయర్ అనే ఫ్రెంచ్ దంతవైద్యుడు వాషింగ్టన్ ఇంటికి వచ్చేవారు. బతికున్న మనిషి పన్ను పీకి మరొకరి చిగుట్లో నాటడం ఆయన ప్రత్యేకత. ముందు పళ్ళు అమ్మేవారికి పన్నుకు రెండు గినీలు ఇస్తానని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. 1784 మే నెలలో వాషింగ్టన్ ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పద్దు ఉంది. తొమ్మిది పళ్ళకు గాను నల్లజాతి బానిసలకు 6 పౌండ్ల 2 షిల్లింగులు, ల మేయర్ పేరిట. ఆ ప్రకటనలోని ధరలో ఇది మూడో వంతు కూడా కాదు. తన ఎస్టేట్‌లో యజమాని అడిగితే కాదనే హక్కు ఆ మనుషులకు లేదు. వాళ్ళ పేర్లు ఆ పద్దులో లేవు. వాషింగ్టన్ తన వీలునామాలో సొంత బానిసలు 123 మందికి విడుదల రాశారన్నది నిజమే. ఈ పద్దు కూడా నిజమే. పిల్లలకు రెండూ కలిపి చెప్పాలని నా అభిప్రాయం.

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేటప్పటికి ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క పన్ను. జాన్ గ్రీన్‌వుడ్ అనే దంతవైద్యుడు నీటిగుర్రం దంతం చెక్కి, అందులో మనుషుల పళ్ళు బిగించి, ఆ ఒక్క పన్ను దూరడానికి రంధ్రం పెట్టి సెట్టు చేశారు. చిన్నప్పుడు స్వాతంత్ర్య సైన్యంలో పిల్లనగ్రోవి ఊదిన కుర్రాడే ఈ గ్రీన్‌వుడ్. చెక్క పళ్ళు అన్న మాట వట్టి కల్పన. దంతానికి మరకలు పట్టి, సన్నటి చీలికలు వచ్చి, చూసేవాళ్ళకు చెక్కలా కనిపించి ఉంటుంది. భోజనం తర్వాత తాగే పోర్ట్ వైన్ సెట్టును నల్లగా చేస్తోందని, సుద్దపొడితో తోమమని గ్రీన్‌వుడ్ 1798లో ఆయనకు సలహా కూడా రాశారు.

అదే ఏడాది వాషింగ్టన్ పదేపదే చేసిన ఫిర్యాదు ఒకటే: సెట్టు పెదవులను బయటికి నెడుతోందని. ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో పై సెట్టు జారిపోతూ ఉంటే ఈ బాధ మీకు తెలిసే ఉంటుంది. దవడ ఎముకలో పళ్ళను పట్టుకునే గట్టు పంటి వేరు ఉన్నంత కాలమే నిలుస్తుంది. నమిలినప్పుడల్లా వేరు ద్వారా అందే ఒత్తిడే ఆ ఎముకకు పని. పన్ను పోతే పని పోతుంది, శరీరం ఆ ఎముకను మెల్లగా కరిగించేస్తుంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ పోతుంది. పైన సెట్టు ఒత్తిడి పడితే ఇంకా అరుగుతుంది. పై దవడకు మరో చిక్కు ఉంది. వెనక పళ్ళ పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోయాక అది కిందికి పెరుగుతుంది. కింద నుంచి అరుగుదల, పై నుంచి గాలి గది, మధ్యలో పలచటి పొర మిగులుతుంది. పై ఎముక లోపలికి కుంచించుకుపోయి పెదవికి ఆసరా తగ్గుతుంది. ఆ ఖాళీ నింపడానికి సెట్టును లావుగా చేస్తే మూతి ముందుకు వస్తుంది. నలభై ఏళ్ళ పాటు పళ్ళు పోగొట్టుకుంటూ వచ్చిన వాషింగ్టన్‌కు స్ప్రింగులు తప్ప దారి లేకపోయింది. పై సెట్టును అవే నిరంతరం పైకి నొక్కి ఉంచేవి, అరిగే ఎముక మీదే.

దీనికి జవాబు రావడానికి ఆయన పోయాక ఒకటిన్నర శతాబ్దం పట్టింది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం ఊడి రాకపోవడం గమనించారు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం మరలు బిగించారు. అవే ఇప్పటి ఇంప్లాంట్లు. అయితే మర బిగించడానికి ఎముక ఉండాలి కదా. పై దవడ బాగా అరిగినవారికి సైనస్ అడుగును పైకి లేపి ఎముక పొడి నింపుతారు, లేదా శరీరంలో వేరే చోటి నుంచి ఎముక తెచ్చి అతుకుతారు. అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. మరో పద్ధతి కూడా బ్రోనెమార్క్ మొదలుపెట్టిందే. కేన్సర్ వల్లో ప్రమాదం వల్లో పై దవడ పోయినవారి కోసం ముందుగా వాడారు. మామూలు ఇంప్లాంట్ సుమారు సెంటీమీటరు ఉంటే, ఇది మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. దవడను దాటి చెంప ఎముకలో బిగుస్తుంది, ఎందుకంటే పళ్ళు పోయినా ఆ ఎముక అరగదు. కంటికి, సైనస్‌కు దగ్గరగా చేసే ఆపరేషన్ కాబట్టి అనుభవం ఉన్న సర్జన్ ఉండాలి. సైనస్ ఇన్‌ఫెక్షన్ ప్రమాదమూ ఉంది. పెద్దవాళ్ళకు ఎవరైనా ఇంప్లాంట్ సలహా ఇస్తే, ముందు త్రీడీ స్కాన్‌లో ఎముక ఎంత మిగిలిందో చూపించమని అడగండి. షుగరు, పొగ అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి.

ఆఖరి పన్ను 1796లో పోయింది. వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న, 67 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ చివరి పన్నును గ్రీన్‌వుడ్ బంగారు డబ్బీలో పెట్టి తన దగ్గరే ఉంచుకున్నారు. అది ఇప్పటికీ న్యూయార్క్‌లో ఉంది. సీసపు దిమ్మె మీద మనుషుల పళ్ళు, జంతువుల పళ్ళు, స్ప్రింగులతో ఉన్న పూర్తి సెట్టు పొటోమాక్ నది ఒడ్డున ఆయన ఇల్లు మౌంట్ వెర్నాన్ మ్యూజియంలో ఉంది. వర్జీనియాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్ళే తాతయ్యలు, అమ్మమ్మలు మనలో చాలామందే ఉన్నారు. రాజధాని వాషింగ్టన్ నుంచి అది కారులో కొద్ది దూరమే. మనవళ్ళను తీసుకుని వెళ్ళండి, ఆ సెట్టు దగ్గర వాళ్ళు చాలాసేపే నిలబడతారు.